79 శాతం ప్లేస్‌మెంట్ అంటే ఎవరిలో 79 శాతం?

ఒక నైపుణ్య శిక్షణ సెంటర్‌ను ఊహించుకోండి. ఏడాదిలో 120 మంది చేరారు. 96 మంది కోర్సు పూర్తి చేశారు. పరీక్ష పాసై సర్టిఫికెట్ అందుకున్నవాళ్లు 84 మంది. ఆఫర్ లెటర్ 66 మందికి వచ్చింది, డ్యూటీలో చేరింది మాత్రం 54 మంది. మూడు నెలలు గడిచాక కూడా ఉద్యోగంలో ఉన్నవాళ్లు 38 మంది.

ఈ సెంటర్ ప్లేస్‌మెంట్ శాతం ఎంత? సర్టిఫికెట్ వచ్చినవాళ్లలో ఆఫర్ లెటర్ అందినవాళ్లను లెక్కేస్తే 79. డ్యూటీలో చేరినవాళ్లను లెక్కేస్తే 64. మూడు నెలలు నిలిచినవాళ్లను లెక్కేస్తే 45. మొదట పేరు రాయించుకున్న 120 మందిలో ఎంతమంది నిలిచారని చూస్తే 32 కూడా నిండదు. ఈ నాలుగు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. కానీ పథకం లెక్కలను తెర మీద చూపించే డ్యాష్‌బోర్డులో పెద్ద అక్షరాల్లో పడేది ఒక్కటే. ఏది పడాలో ఎవరూ కూర్చుని తేల్చకపోతే, అన్నిటికంటే పెద్దదే పడుతుంది.

శిక్షణ పథకాల డ్యాష్‌బోర్డు అనగానే చర్చ ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఏ చార్ట్ పెట్టాలి, ఏ రంగులు వాడాలి అనే దగ్గర మొదలవుతుంది. అసలు చిక్కు అక్కడ లేదు. శాతం గీత కింద ఎవరిని పెడుతున్నాం, ఆ అంకె చూసి ఎవరు ఏ పని చేయాలి? ఈ రెండూ తేలితే తెర గీయడం పెద్ద పని కాదు. తేలకపోతే ఎంత అందమైన తెరైనా రివ్యూ మీటింగ్‌లో చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

హారం దగ్గరే మొదటి చిక్కు

గ్రామీణ యువత కోసం డీడీయూ-జీకేవై (దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) పథకం 2014 సెప్టెంబరులో మొదలైంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015 జులైలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం డీడీయూ-జీకేవైని నడిపించిన సంస్థలు. డీడీయూ-జీకేవై నిబంధన ప్రకారం శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి, ఉద్యోగం అంటే కనీసం మూడు నెలలు చేసి ఉండాలి. కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ 2015లో తెచ్చిన ఉమ్మడి నిబంధనల్లోనూ 70 శాతమే ఉంది. కాకపోతే అది సర్టిఫికెట్ పొందినవాళ్లలో 70 శాతం, అదీ కోర్సు అయిన మూడు నెలల లోపు పనిలో చేరినవాళ్లు. చూడ్డానికి రెండూ 70 శాతాలే. హారం, అంటే శాతం గీత కింద ఉండే సంఖ్య, మాత్రం వేరు. మన ఊహా సెంటర్‌లో డ్యూటీలో చేరిన 54 మందిని శిక్షణ పూర్తి చేసిన 96 మందితో భాగిస్తే 56 శాతం, సర్టిఫికెట్ వచ్చిన 84 మందితో భాగిస్తే 64 శాతం. రెండు పథకాలూ నడిపే జిల్లాలో ఈ రెంటినీ ఒకే చార్ట్‌లో పక్కపక్కన నిలబెడితే, రెండో పథకం బాగా నడుస్తోందన్న అభిప్రాయం ఊరికే వచ్చేస్తుంది.

పైగా ఈ అంకెకు డబ్బు ముడిపడి ఉంది. 2015 నాటి ఉమ్మడి నిబంధనల్లో శిక్షణ సంస్థకు 30 శాతం సొమ్ము బ్యాచ్ మొదలవగానే, 50 శాతం సర్టిఫికెట్లు వచ్చాక, మిగతా 20 శాతం ఉద్యోగాలు చూపించాక అందేలా పెట్టారు. ఒక అంకెతో బిల్లు పాసవుతుందంటే దాని నిర్వచనం మీద అందరి కన్నూ ఉంటుంది. కాబట్టి నిర్వచనం డ్యాష్‌బోర్డు మీదే, అంకె పక్కనే, మామూలు మాటల్లో కనిపించాలి. ఎక్కడో పీడీఎఫ్‌లో 43వ పేజీలో ఉంటే లేనట్టే.

నా మట్టుకు ఒక్క శాతం చూపించడమే తప్పు. 120, 96, 84, 66, 54, 38 అని ఆరు అంకెలూ వరుసగా, మెట్లు దిగినట్టు చూపిస్తే చాలు. ఎక్కడ ఎంతమంది జారిపోయారో చూసేవాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది. చేరినవాళ్లలో 24 మంది కోర్సు మధ్యలోనే వెళ్లిపోవడం ఒక సమస్య. ఆఫర్ లెటర్ చేతిలో ఉండి కూడా 12 మంది డ్యూటీకి వెళ్లకపోవడం మరొకటి. చేరిన 54 మందిలో 16 మంది మూడు నెలల లోపే తిరిగి రావడం ఇంకొకటి. మొదటిదానికి సెంటర్‌లో ట్రైనర్‌ను, హాస్టల్‌ను చూడాలి. రెండోదానికి పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడాలి. మూడోదానికి కంపెనీ హెచ్‌ఆర్‌తో కూర్చోవాలి. 45 శాతం అన్న ఒక్క అంకె ఈ మూడిట్లో దేన్నీ చెప్పదు.

నెలను కాదు, బ్యాచ్‌ను వెంటాడాలి

మన ఆఫీసుల్లో రిపోర్టులన్నీ నెలవారీగా నడుస్తాయి. మార్చిలో ఎంతమందికి శిక్షణ పూర్తయింది, మార్చిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అని అడుగుతారు. మార్చిలో సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లు 20 మంది, అదే నెలలో ఉద్యోగంలో చేరినవాళ్లు 31 మంది అనుకుందాం. శాతం కడితే 155 వస్తుంది. ఆ 31 మందిలో చాలామంది నవంబరు, డిసెంబరు బ్యాచ్‌ల వాళ్లు కాబట్టి పైనున్న మనుషులు, కిందున్న మనుషులు ఒకరు కారు. శాతం 100 దాటితే ఎవరైనా గుర్తుపడతారు. అదే తప్పు 68 అనే అంకె రూపంలో వస్తే ఎవరికీ అనుమానం రాదు. ప్రమాదమంతా అందులోనే ఉంది.

దీనికి మందు ఒక్కటే. బ్యాచ్‌ను ఒక యూనిట్‌గా పట్టుకుని, దాని చివరి రోజు నుంచి లెక్కపెట్టాలి. 30 రోజులకు ఎంతమంది చేరారు, 90 రోజులకు ఎంతమంది మిగిలారు, ఏడాదికి ఎంతమంది ఉన్నారు. ఇంకా 90 రోజులు నిండని బ్యాచ్‌లను శాతంలో కలపకూడదు. వాటిని బూడిద రంగులో, ‘ఇంకా గడువు ఉంది’ అనే మాటతో పక్కన ఉంచాలి. లేదంటే ఒక సెంటర్ కొత్తగా రెండు పెద్ద బ్యాచ్‌లు పూర్తి చేయగానే దాని శాతం ఒక్కసారిగా పడిపోతుంది. బాగా పనిచేసిన నెలలోనే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటిదే ఇంకో చిక్కు ఉంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు తూర్పు గోదావరి అంటే కాకినాడ, కోనసీమ, రంపచోడవరం ఏజెన్సీ అన్నీ కలిసిన జిల్లా. ఆ తర్వాత అదే పేరుతో రాజమహేంద్రవరం కేంద్రంగా చిన్న జిల్లా మిగిలింది. డేటాలో జిల్లా పేరు ఒక్కటే దాచుకున్న డ్యాష్‌బోర్డులో 2022 ఏప్రిల్ దగ్గర తూర్పు గోదావరి గీత కొండ మీంచి దూకినట్టు పడిపోతుంది. అక్కడ శిక్షణ ఏమీ ఆగలేదు, సరిహద్దు మారిందంతే. ప్రతి అభ్యర్థి రికార్డులో గ్రామం, మండలం కోడ్‌లు ఉంటే పాత ఏళ్ల లెక్కలను కూడా కొత్త జిల్లాల ప్రకారం మళ్లీ కూర్చుకోవచ్చు. కేంద్రం నడిపే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో ప్రతి ఊరికీ కోడ్ ఉంది. మొదటి రోజే ఆ కాలమ్ పెట్టుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. ఐదేళ్ల తర్వాత పెట్టాలంటే పాత ఫారాలన్నీ తవ్వాలి.

తెర ముందు కూర్చునేది ఎవరు?

ఒకే డ్యాష్‌బోర్డు అందరికీ సరిపోతుందనుకోవడం దగ్గర చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. కలెక్టర్‌కు నెలకోసారి పది నిమిషాలు దొరుకుతాయి. ఏ సెంటర్ మీద దృష్టి పెట్టాలి, ఏ మండలం నుంచి పిల్లలు అసలు రావడం లేదు అనే రెండు విషయాలు తెలిస్తే చాలు. సెంటర్ హెడ్‌కు రోజువారీ హాజరు, రాబోయే పరీక్ష తేదీ, పెండింగ్ బిల్లు ముఖ్యం. రాష్ట్ర స్థాయిలో కోర్సుల మీద నిర్ణయాలు తీసుకునేవాళ్లకు ఏడాది, రెండేళ్ల ధోరణి కావాలి.

వీళ్లందరికంటే డ్యాష్‌బోర్డుతో ఎక్కువ పని ఉండేది జేడీఎంకు, అంటే జిల్లాలో ఉద్యోగాల వ్యవహారం చూసే జాబ్స్ డిస్ట్రిక్ట్ మేనేజర్‌కు. జాబ్ మేళా పెట్టేది, కంపెనీలతో మాట్లాడేది, మధ్యలో మానేసిన పిల్లాడి ఇంటికి ఫోన్ చేసేది వీళ్లే. సోమవారం ఉదయం జేడీఎంకు కావాల్సింది గుండ్రని పై చార్ట్ కాదు, పేర్ల జాబితా. ‘శ్రీసిటీలో చేరి 20 రోజులు అయినవాళ్లు, మొదటి జీతం పడిందో లేదో కనుక్కోవాల్సినవాళ్లు 14 మంది’ అని పేరు, ఊరు, ఫోన్ నంబరుతో వస్తే ఆ వారం పని అక్కడే మొదలవుతుంది. మొదటి నెల గడవడమే కష్టం. చెప్పిన జీతానికీ చేతికొచ్చే జీతానికీ తేడా రావడం, హాస్టల్ అద్దె కోత, నైట్ షిఫ్ట్, తెలియని ఊళ్లో తిండి, ఇవన్నీ మొదటి నెలలోనే ముందుకొస్తాయి. అప్పుడు ఒక్క ఫోన్ కాల్ వెళితే నిలిచే మనిషి, మూడో నెలలో ఎన్ని కాల్స్ చేసినా వెనక్కి వెళ్లడు. అందుకే నా అభిప్రాయంలో ఈ జాబితాయే డ్యాష్‌బోర్డుకు గుండెకాయ. చార్టులన్నీ దాని తర్వాతే.

ఆ జాబితాలో ఒక కాలమ్‌ను చాలా జాగ్రత్తగా రూపొందించాలి. ఫాలోఅప్ ఫోన్ చేసినప్పుడు ‘ఉద్యోగంలో ఉన్నారు’, ‘లేరు’ అని రెండే బటన్లు ఇస్తే, ఫోన్ కలవని మనిషి ఏదో ఒక దాంట్లోకి నెట్టబడతాడు. మన పిల్లలు కొత్త ఊరు వెళ్లగానే సిమ్ మారుస్తారు, ఉన్నది నాన్న నంబరో పక్కింటి నంబరో అయి ఉంటుంది. కాబట్టి ‘ఫోన్ కలవలేదు’ అనేది మూడో సమాధానంగా ఉండి తీరాలి. శాతం పక్కన ‘38 మంది ఉన్నారు, 9 మంది మానేశారు, 7 మంది ఆచూకీ తెలియలేదు’ అని రాయాలి. ఆ 7 పెరుగుతోందంటే అది వేరే సమస్య, దానికి పరిష్కారం చేరిన రోజే రెండో నంబరు తీసుకోవడం. మానేసినవాళ్లకు కారణం కూడా ఉండాలి: జీతం తక్కువ, వసతి, ఆరోగ్యం, పెళ్లి, ఇంట్లో పని, ఇంతకంటే మంచి ఉద్యోగం. మంచి ఉద్యోగం దొరికి వెళ్లిన అమ్మాయిని, జీతం ఇవ్వక తిరిగొచ్చిన అమ్మాయిని ఒకే గడిలో వేసి ‘డ్రాపౌట్’ అనడం ఇద్దరికీ అన్యాయమే.

ఫోన్‌లో చెప్పిన మాటను ఎలా నమ్మాలి? పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరుతో సరిచూడొచ్చు. నెలనెలా చందా పడుతుంటే ఉద్యోగం ఉన్నట్టే. కానీ పీఎఫ్ చట్టం సాధారణంగా 20 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది. మొబైల్ రిపేరు షాపులో చేరినవాళ్లు, ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకున్నవాళ్లు అందులో కనబడరు. పీఎఫ్‌తో రుజువైనవి, పే స్లిప్‌తో రుజువైనవి, మాట మీద తీసుకున్నవి అని మూడు ఛాయల్లో చూపిస్తే చూసేవాళ్లే ఎంత నమ్మాలో నిర్ణయించుకుంటారు.

ఫారంలో ఏం నింపారో ముందు అది చూడండి

2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక కౌశల్ వికాస్ యోజన డేటాను పరిశీలించింది. సుమారు 95.9 లక్షల మంది రికార్డుల్లో 94 శాతానికి పైగా చోట్ల బ్యాంకు ఖాతా వివరాల గడిలో సున్నాలో, ‘నల్’ (ఏమీ లేదు) అనో ఉంది, లేదా ఖాళీగా ఉంది. ఈ సంగతిని చాలామంది అవినీతి కోణంలోనే చదివారు. డ్యాష్‌బోర్డు తయారు చేసేవాళ్లు దీన్ని ఇంకో కోణంలో కూడా చదవాలి. డేటా ఎంట్రీ ఆపరేటర్ ముందు గడి ఉంటుంది, చేతిలో సమాచారం ఉండదు, బ్యాచ్ ఈరోజే అప్‌లోడ్ చేయాలి. గడి తప్పనిసరి అయితే అందులో పది తొమ్మిదులు కొట్టి ముందుకెళ్తారు. తప్పనిసరి కాకపోతే ఖాళీగా వదిలేస్తారు. కాబట్టి ఏ గడి ఎంత శాతం సరిగ్గా నిండిందో డ్యాష్‌బోర్డులోనే చూపించాలి. ఎవరూ వాడని గడులను ఫారంలోంచి తీసేయాలి. 60 గడులు నింపించుకుని 8 మాత్రమే వాడితే మిగతా 52 గడుల భారం ఆ 8 గడుల నాణ్యతను కూడా తినేస్తుంది.

అమెరికాలో జరిగింది

కొలత మీద డబ్బు పెడితే ఏమవుతుందో అమెరికా చాలా ముందే చూసింది. అక్కడ 1982లో వచ్చిన ఉద్యోగ శిక్షణ చట్టం కింద స్థానిక సంస్థలకు ఫలితాలను బట్టి ప్రోత్సాహకాలు ఇచ్చేవారు. ఒక వ్యక్తి పథకం నుంచి అధికారికంగా బయటికి వెళ్లిన తేదీ నుంచి లెక్క మొదలయ్యేది, ఆ తేదీని నిర్ణయించేది కూడా ఆ సంస్థలే. దాంతో ఉద్యోగం దొరికినవాళ్లను వెంటనే బయటికి పంపినట్టు చూపించడం, దొరకనివాళ్లను రోల్స్‌లోనే అట్టిపెట్టడం జరిగిందని ఆర్థికవేత్తలు తర్వాత లెక్కలతో సహా చూపించారు. ఎలాగూ ఉద్యోగం తెచ్చుకోగలిగినవాళ్లనే ఏరి చేర్చుకుంటున్నారనే ఆందోళన కూడా అప్పటినుంచే ఉంది. 2014లో వచ్చిన చట్టంలో పద్ధతి వేరు. బయటికెళ్లిన తర్వాత రెండో త్రైమాసికంలో, నాలుగో త్రైమాసికంలో ఉద్యోగం ఉందా అని ప్రధానంగా యజమానులు ప్రభుత్వానికి ఇచ్చే వేతన రికార్డుల్లోంచి చూస్తారు. చేర్చుకున్నది ఎలాంటివాళ్లను, ఆ ప్రాంతంలో ఉద్యోగాల పరిస్థితి ఏమిటి అన్నది కూడా చూసి లక్ష్యాన్ని సవరిస్తారు.

ఈ చివరి మాట మనకు బాగా అవసరం. పాడేరు చుట్టుపక్కల గూడేల నుంచి పదో తరగతి తప్పిన పిల్లల్ని చేర్చుకునే సెంటర్‌నూ, విజయవాడలో డిగ్రీ చదివినవాళ్లను చేర్చుకునే సెంటర్‌నూ ఒకే జాబితాలో పెట్టి ర్యాంకులు ఇస్తే, మొదటి సెంటర్ రెండో ఏడాదికి ఆ గూడేలకు వెళ్లడం మానేస్తుంది. డీడీయూ-జీకేవైలో ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం, మహిళలకు మూడో వంతు సీట్లు ఉండాలన్నది ఇలాంటివాళ్ల కోసమే. కాబట్టి ర్యాంకుల పట్టిక పెట్టకపోవడమే మంచిది. పెట్టక తప్పదంటే ఎవరిని చేర్చుకున్నారో ఆ వివరం ఫలితం పక్కనే ఉండాలి. ఒక సెంటర్‌ను దానిలాంటి సెంటర్లతోనే పోల్చాలి.

జీతాల దగ్గర సగటు చూపించొద్దు. ఐదుగురికి 9,000, 9,500, 10,000, 10,500, 31,000 వస్తుంటే సగటు 14,000. ఆ జీతం ఐదుగురిలో ఒక్కరికీ లేదు. మధ్యలో ఉన్న 10,000 చూపిస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది. వీలైతే కోతలు పోను చేతికొచ్చేది చూపించాలి.

తెర గురించి

ఇక చూపు విషయం. ఇక్కడ చెప్పాల్సింది తక్కువే. మన దగ్గర డ్యాష్‌బోర్డును కంప్యూటర్ తెర మీద చూసేవాళ్లకంటే ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా, మీటింగ్‌లో బ్లాక్ అండ్ వైట్ ప్రింటుగా చూసేవాళ్లే ఎక్కువ. అందుకని ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీదే అర్థం ఆధారపడకూడదు. ప్రింటులో రెండూ ఒకే బూడిద రంగులోకి వస్తాయి, రంగుల తేడా పట్టలేనివాళ్లకు మామూలుగా కూడా అంతే. అంకె, దాని పక్కన ‘తగ్గింది’ అనే మాట ఉంటే ఎక్కడైనా చదవొచ్చు. లక్షల్లో ఉన్నవి లక్షల్లోనే రాయాలి. ‘1.2 మిలియన్’ అని ఉంటే మీటింగ్‌లో సగం మంది మనసులో గుణించుకుంటూ కూర్చుంటారు. ప్రతి పేజీ మీద డేటా ఏ తేదీ వరకు ఉందో కనిపించాలి. స్పీడోమీటర్ బొమ్మలు, గుండ్రని పై చార్టులు చోటు తినడం తప్ప చేసేదేం లేదు. రెండు నిలువు గీతల ఎత్తు పోల్చడం కంటికి సులువు, రెండు ముక్కల కోణం పోల్చడం కష్టం.

30 మంది బ్యాచ్‌లో ఒక్కరు మారితే మూడు శాతానికి పైగా మారుతుంది. కాబట్టి చిన్న సంఖ్యల దగ్గర శాతం బదులు ‘30లో 19’ అని రాయడం నిజాయితీ. గోప్యత కూడా ఇక్కడే వస్తుంది. ఒక మండలంలో వినికిడి లోపం ఉన్న ఎస్టీ మహిళలు ఇద్దరే ఉంటే, పేరు రాయకపోయినా ఆ గడి వాళ్లెవరో ఊరందరికీ చెప్పేస్తుంది. అందరూ చూసే పేజీలో ఐదు కంటే తక్కువ ఉన్న గడులను ‘5 కంటే తక్కువ’ అని ఆపేయాలి. ఫోన్ నంబర్ల జాబితా జేడీఎం లాగిన్ దాటి బయటికి రాకూడదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, నమ్మి నంబరు ఇచ్చిన పిల్లలకు మనం చేయాల్సిన కనీస న్యాయం అది.

తయారయ్యాక డెమో ఇవ్వడం కంటే పరీక్ష పెట్టడం మేలు. జేడీఎంను తెర ముందు కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఈ వారం ఎవరికి ఫోన్ చేయాలి? ఏ కంపెనీ నుంచి ఎక్కువమంది తిరిగొస్తున్నారు? ఏ సెంటర్‌లో కోర్సు మధ్యలోనే వెళ్లిపోతున్నారు? మౌస్ ఎక్కడ ఆగిపోయింది, ఏ బటన్ వెతుక్కున్నారు, ఎక్కడ విసిగి సొంత ఎక్సెల్ షీట్ తెరిచారు అన్నది పక్కన కూర్చుని రాసుకుంటే వచ్చే వారం ఏం మార్చాలో తెలిసిపోతుంది. ఆ సొంత షీట్‌ను అడిగి తీసుకోండి. డ్యాష్‌బోర్డులో ఏ కాలమ్‌లు లేవో అందులో ఉంటాయి.

ఇంకొక వాడకందారు ఉన్నారు, వాళ్లకు చాలా చోట్ల ఏ పేజీ ఉండదు. ఇంటర్ అయ్యాక రిటైల్ కోర్సులో చేరాలా, నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో చేరాలా అని ఆలోచించే అమ్మాయి. ఆమెకు తెలుగులో, ఫోన్‌లో ఒక్క పేజీ కావాలి: ఈ సెంటర్‌లో పోయినేడాది ఈ కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఏ ఊళ్లో, చేతికి ఎంత వచ్చింది, ఉండటానికి చోటు కంపెనీ చూపించిందా, మూడు నెలల తర్వాత ఎంతమంది ఉన్నారు. ఈ సమాచారమంతా సెంటర్ల దగ్గర ఇప్పటికే ఎంతో కొంత ఉంది. మొబిలైజేషన్ కోసం, అంటే కోర్సుల్లో పిల్లల్ని చేర్పించడానికి, ఊళ్లోకి వచ్చే సిబ్బంది చేతిలో పాంప్లెట్‌తో పాటు ఈ పేజీ కూడా ఉంటే, వాళ్ల అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది.